ఎముకల వయసు – పదకొండో భాగం: చిటికెన వేలు

పోయిన వారం మనం ఎక్స్‌రే అక్కను డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబెట్టి ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. లోపలికి పంపే ముందు, ఆలస్యంగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆ ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళుగా ఎక్స్‌రేలు తీసేది ఆమే. అందుకే ఆయా దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆమె ఎక్స్‌రే అక్క. ఆమెకు ఒక్కగానొక్క కూతురు. పదేళ్ళకే పెద్దమనిషైంది, పదకొండో ఏట తల్లి భుజం దాటింది, పదమూడు వచ్చేసరికి తల్లినే దాటేసింది. గ్రౌండులో ఆ పిల్లను 'నిచ్చెన' అంటారు. అదే గ్రౌండులో అదే హర్డిల్స్ పందెం పరిగెత్తే ఇంకో పదమూడేళ్ళ పిల్ల 'మిడత', తాళాల మేస్త్రి కూతురు. మూడేళ్ళ కిందట మిడతను పట్టుకునేవాళ్ళు లేరు. తర్వాత ఏమైందో ఏమో, ఎత్తు ఆగింది, వేగం తగ్గింది. అయినా పాత పతకాల పుణ్యమా అని క్రీడా పాఠశాల సెలక్షన్లో చివరి పేరుగా గట్టెక్కింది. నిచ్చెన మొదటి పేరు.

ఇక వయసు పరీక్ష మిగిలింది. ఎడమ చేతికి ఎక్స్‌రే తీస్తారు, ఎముకల వయసు పద్నాలుగు దాటిందా, దొంగ వయసు చెప్పారని పేరు కొట్టేస్తారు. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో నల్లటి సన్నని సందులుంటాయి. ఎదుగుదల ముగిసే కొద్దీ అవి మూసుకుపోతాయి. కూతురి చెయ్యి తెర మీద పడింది. సందులు దాదాపు మూసుకుపోయాయి. ఆ చేతికి పదిహేనున్నర ఏళ్ళు. కన్నది తనే, పదమూడేనని తనకు తెలుసు. ముందుగా ఈడొచ్చిన పిల్లల ఎముకలు అలాగే ముందుకు పరిగెత్తుతాయనీ తెలుసు. సెలక్షన్ కమిటీకి అదంతా వినే తీరికేదీ? తర్వాతి వంతు మిడతది. ఆ చేతిలో సందులన్నీ బార్లా తెరుచుకుని ఉన్నాయి. అక్క కంప్యూటర్లో ఒకరి పేరు తీసి ఇంకొకరి చేతికి తగిలించింది.

అంతా చేసి ఆమె తనకు తాను చెప్పుకున్న సమాధానం ఇది: మిడత జానెడు పిల్ల, ఆ పిల్లకు పదిహేను దాటాయంటే ఎవరు నమ్ముతారు, నవ్వి మళ్ళీ ఎక్స్‌రే తీయమంటారు, అప్పుడు సరైనది తీస్తాను. ఎవరూ నవ్వలేదు. ఎదగడం అయిపోయింది కాబట్టే పొట్టిగా ఉండిపోయింది, పొట్టిగా ఉంది కదా అని పెద్దపిల్లను పదమూడని తెచ్చాడు తండ్రి, అని తేల్చేశారు. కళ్ళెదుట నిలబడ్డ పిల్లను వదిలేసి ఫిల్మును నమ్మారు. పైగా తండ్రి తాళాల మేస్త్రి. దొంగ తాళంచెవి చేయగలవాడికి దొంగ కాగితం చేయడం ఎంతసేపు అన్నారు.

సరే, ఇక లోపలికి వెళ్దాం.

డాక్టరమ్మ ఆ ఆసుపత్రికి వచ్చి నెల కూడా కాలేదు. ఎదిగే పిల్లల జబ్బులు ఆమె చదువు. అక్కను చూడగానే కూర్చోమంది. ఆ గదిలో అక్కను కూర్చోమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. దాంతోనే సగం ప్రాణం పోయింది ఆమెకు. వెలుతురు పెట్టె మీద ఒక ఫిల్ము ఉంది. చిన్న ఎడమ చెయ్యి. మూలన నిచ్చెన పేరు.

"ఇది మీ అమ్మాయిదే కదా?"

అవునండి అంది అక్క.

దొరికిపోయానని ఆమె అనుకుంది. డాక్టరమ్మ మొహంలో మాత్రం కోపం లేదు, జాలి ఉంది. కమిటీవాళ్ళు పద్నాలుగు దాటిందా లేదా అన్నంత మటుకే చూసి టిక్కు పెట్టారట. తను పాత ఫిల్ములు తిరగేస్తుంటే ఇది కంటపడిందట. పదమూడేళ్ళ పిల్ల చేతిలో ఎనిమిదిన్నరేళ్ళ ఎముకలు. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ కావడం మామూలే, ఒకే తరగతి పిల్లల్ని వరుసగా నిలబెడితే ఒకరు రెండేళ్ళు ముందుంటారు, ఒకరు రెండేళ్ళు వెనకుంటారు, అది జబ్బు కాదు అంది. ఈ వెనకబాటు మాత్రం మామూలుది కాదంది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. పాపకు చలి ఎక్కువా?

గ్రౌండులో మిట్టమధ్యాహ్నం స్వెట్టరు విప్పని మిడత గుర్తొచ్చింది అక్కకు. అవునంది. నిద్ర? ఎక్కువేనంది. చర్మం పొడిగా ఉంటుందా? ఆ రోజు ఎక్స్‌రే ప్లేటు మీద సర్దిన చెయ్యి గరుకుగా తగిలిన సంగతి తలుచుకుని, అవునంది. ఎత్తు ఆగి ఎన్నాళ్ళయింది? మూడేళ్ళు. పరాయి పిల్ల గురించి ఎంత బాగా చెబుతోందో చూడండి. ఇంత తెలిసిన మనిషికి మూడు వారాల కిందట ఏమీ తెలియలేదు.

డాక్టరమ్మ పెన్ను మొనతో ఫిల్ము మీద చిటికెన వేలు చూపించింది. "ఇది ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నట్టుంది."

"షట్టరు కింద పడిందండి," అంది అక్క.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఎవరో చెప్పగా విన్నది. ఎవరన్నారో గుర్తు రాలేదు. డాక్టరమ్మ మాత్రం అది కూడా కాగితం మీద రాసుకుంది.

"గొంతు దగ్గరుండే గ్రంథి సరిగ్గా పనిచేయట్లేదని నా అనుమానం," అంది. "రక్తం చూస్తే తెలిసిపోతుంది. అదే అయితే రోజూ పొద్దున ఒక చిన్న మాత్ర, అంతే. కానీ ఆలస్యం చేయకండమ్మా. ఇప్పటికే మూడేళ్ళ ఎదుగుదల పోయింది. మందు పడ్డాక ఒళ్ళు ఒక్కసారిగా అందుకుంటుంది, ఈడు కూడా తోసుకొస్తుంది. అప్పుడా సందులు మూసుకోవడం మొదలుపెడితే మనం ఆపలేం. ఎన్ని నెలలు పోగొడితే అంత ఎత్తు పోయినట్టే. ఓపిక తిరిగొస్తుంది, పోయిన ఎత్తు రాదు."

రేపు పదింటికి పిల్లను తీసుకురమ్మంది. గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి, మెల్లగా, రోజూ ఇన్ని చేతులు చూసేవారు మీ ఇంట్లో చెయ్యి చూసుకోలేదా అని కూడా అంది. నిందించాలని కాదు, నొచ్చుకునే అంది. అక్కకు తల తీసేసినట్టయింది.

నడవాలో గోడకు ఆనుకుని నిలబడింది. చెప్పేస్తే ఉద్యోగం ఊడుతుంది. కూతురి పేరు కొట్టేస్తారు. అంతటితో ఆగదు, ఆ పిల్ల జీవితాంతం దొంగ వయసు పిల్ల అవుతుంది. చెప్పకపోతే మిడత అలాగే మిడతంత ఉండిపోతుంది. గుమ్మడికాయంత నిజం కొంగులో దాచుకుని తిరుగుతున్నట్టుంది ఆమె పని. ఏ వైపు తిరిగినా బయటపడేదే.

భోజనాల వేళ నిచ్చెన ఫోను చేసింది. క్రీడా పాఠశాలలో చేరి రెండు వారాలైంది. తల్లి చేసిన పని ఆ పిల్లకు తెలియదు. మోకాలి కింద నొప్పట, రాత్రుళ్ళు ఐసు పెట్టుకుంటోందట. మొన్నటిదాకా సునాయాసంగా దాటిన హర్డిల్స్ ఇప్పుడు కాలికి తగిలి పడిపోతున్నాయట. నడుము దగ్గర ఒళ్ళు చేసిందని తోటివాళ్ళు ఏడిపిస్తున్నారట. ఒళ్ళు తొందరగా పెరిగినప్పుడు కాళ్ళూ చేతులూ అదుపు తప్పుతాయి, ఏడాదికి సర్దుకుంటాయి అని అక్కడి కోచ్ చెప్పాడట. "అమ్మా, నా కాళ్ళు నా మాట వినట్లేదే," అంది చివరికి, ఏడుపు ఆపుకుంటూ. "ఇక్కడి నుంచి మాత్రం నన్ను తీసుకుపోకు. ఇది పోతే నాకింకేం లేదు." తీసుకుపోనని మాటిచ్చి అక్క ఫోను పెట్టేసింది.

ఆ తర్వాతే ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. మునిగిపోయేవాళ్ళకు వచ్చే ఆలోచన ఎలా ఉంటుందో అలాగే ఉంది. డాక్టరమ్మ నిచ్చెనను ఎన్నడూ చూడలేదు. రేపు మిడతను తీసుకెళ్ళి ఇదే నా కూతురంటే? రక్తం తీస్తారు, మాత్ర రాస్తారు. మాత్ర మిడతకు, పేరు నిచ్చెనకు. ఎవరి బిడ్డా చెడదు. పేరు మార్చి చేసిన గాయానికి మళ్ళీ పేరు మార్చే మందు వేద్దామనుకుంది మహాతల్లి. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కింది.

తాళాల మేస్త్రి కొట్టు పాత బస్టాండు వెనక సందులో ఉంది. కొట్టంటే ఎంత, తాళంచెవులు కోసే మిషను ఒకటి, రెండు స్టూళ్ళు, పైన సగం తుప్పు పట్టిన షట్టరు. మూడు గోడలకూ మేకులు, మేకులకు ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఐదున్నరయింది. ఆ వేళకు కిర్రుమంటూ తిరగాల్సిన మిషను ఆగి ఉంది. మేస్త్రి ఒక తాళంచెవిని గుడ్డతో తుడుస్తున్నాడు. అది అప్పటికే తళతళలాడుతోంది.

మూలన మిడత ఉంది. సందులో జనం చెమటలు తుడుచుకుంటూ నడుస్తుంటే ఆ పిల్ల స్వెట్టరు చేతులు వేళ్ళదాకా లాక్కుని, నోటుపుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోతోంది. చెంపలు ఉబ్బి ఉన్నాయి. కాళ్ళు స్టూలు మీంచి నేలకు అందట్లేదు.

"రండక్కా," అని లేచాడు మేస్త్రి. రెండో స్టూలు గుడ్డతో తుడిచి వేశాడు. "ఆ రోజు తర్వాత మా కొట్టుకు తాళం పని లేకుండా వచ్చిన మనిషి మీరే. పని ఉన్నవాళ్ళు కూడా తాళాలు వెనక్కి తీసుకుపోవడానికే వస్తున్నారు."

అది ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్నమాట చెప్పాడు. ఏళ్ళ తరబడి ఇంటి తాళాలు నమ్మి ఆయన చేతికిచ్చినవాళ్ళు, నకలు వద్దు, అసలు ఇచ్చెయ్ అని పట్టుకుపోతున్నారట. ఎదురింటి మాస్టారైతే తలుపుకు కొత్త తాళమే వేయించుకున్నాడట, వేరే చోట. ఆ తలుపు ముందే రోజూ నడిచి రావాలి అన్నాడు మేస్త్రి.

అక్క తను వచ్చిన పని మొదలుపెట్టింది. పిల్లకు ఒంట్లో బాగున్నట్టు లేదన్నా, నాకు చూస్తేనే తెలుస్తోంది, రేపొక్క పూట నాతో ఆసుపత్రికి పంపండి, నాకు తెలిసిన డాక్టరమ్మకు చూపించి తెస్తాను, మీరు కొట్టు మూయనక్కర్లేదు అంది. చెప్పాలనుకున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

మేస్త్రి చేతిలోని తాళంచెవిని మేకుకు తగిలించాడు. ఆ తర్వాత చెప్పిన మాటలు అక్క వినకుండా ఉంటే బాగుండేది.

"దానికి బద్ధకమన్నారక్కా. గ్రౌండు కోచ్ అన్నాడు, నేనూ నమ్మాను. తెల్లారగట్ల లేపి పరిగెత్తించేవాణ్ణి. కూలబడితే లేపి మళ్ళీ పరిగెత్తించాను. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాను. అది ఏడవలేదు. నాన్నా, నిజంగానే కాళ్ళు రావట్లేదు అంది. నేను వినలేదు."

ఆగి, గుడ్డ మడతపెట్టాడు. "ఆ ఫిల్ము సంగతి చెప్పాక ఇంకో పాపం చేశాను. ఇది పుట్టినప్పుడు నేను ఇక్కడ లేను, వేరే చోట పనిలో ఉన్నాను. వచ్చేసరికి పరుగులు పెట్టే పిల్ల. ఎక్స్‌రే మిషను అబద్ధం చెప్పదన్నారు కదా అందరూ. ఒకరోజు మా ఆవిడను అడిగేశాను. ఇది ఏ ఏడు పుట్టిందో నిజం చెప్పు అని. ఆమె నా మొహం చూసి, ఏమీ అనకుండా సంచి సర్దుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. పదహారు రోజులైంది."

తను కంప్యూటర్లో రెండు పేర్లు మార్చింది, అంతే అనుకుంది. ఆ రెండు పేర్లు ఈ సందులోకి వచ్చి ఏమేం చేశాయో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎందుకని అడుగుతాడని మింగేసింది. అందుకేనన్నా, రేపు పంపండి, అని మాత్రం మళ్ళీ అంది.

"రేపు మేమే అక్కడికి వస్తున్నాం," అన్నాడు మేస్త్రి.

చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మూడు వారాలు తిరగ్గా తిరగ్గా కమిటీ ఒప్పుకుందట. ఎవరి మీద నింద వేశారో వాళ్ళకు ఆ ఫిల్ము చూపించాలి కదా అని పట్టుబట్టాడట. రేపు పదింటికి, ఆ కొత్త డాక్టరమ్మ ఎదుట, కోచ్ ఎదుట చూపిస్తారు. ఫిల్ము చూస్తే మీకేం అర్థమవుతుందని కోచ్ నవ్వాడట కూడా.

"నాకు ఎముకలు తెలియవు. తాళాలు తెలుసు. ప్రతి తాళంచెవికీ ఎక్కడో ఒక గీటు ఉంటుందక్కా, దాన్ని బట్టి ఇది నేను కోసిందా కాదా చెప్పేస్తాను. నా బిడ్డ చేతికీ అలాంటిదొకటి ఉంది." షట్టరు వైపు చెయ్యి చూపించాడు. "దానికి ఆరేళ్ళప్పుడు ఈ షట్టరు జారి చిటికెన వేలు మీద పడింది. విరిగింది. వంకరగా అతుక్కుంది. రేపు ఆ ఫిల్ములో ఆ వంకర ఉందనుకోండి, అది నా బిడ్డ చెయ్యే. వాళ్ళన్న వయసు ఒప్పుకుని ఎలాగో బతుకుతాను. లేదనుకోండి, మా ఆవిడ కాళ్ళు పట్టుకోవాలి, అది ఇంకెవరి చెయ్యో."

షట్టరు. పొద్దున తన నోటి నుంచి వచ్చిన మాట, డాక్టరమ్మ కాగితం మీద రాసుకున్న మాట. తనుండేది మూడో అంతస్తు. షట్టరనేది ఆ ఇంటి దరిదాపుల్లో లేదు. రేపు పదింటికి ఆ గదిలో ఈ మనిషి షట్టరు అంటాడు. డాక్టరమ్మ తలెత్తి చూస్తుంది.

"తీసింది మీరే కదా," అన్నాడు మేస్త్రి. "మీకు గుర్తుందా? ఆ వంకర కనబడిందా?"

రోజుకు వంద చేతులు తీస్తానన్నా, ఏ చెయ్యి ఎవరిదో ఎక్కడ గుర్తుంటుంది అని చెప్పి లేచిపోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆరింటి బస్సు సందు చివర హారన్ కొడుతోంది.

ఈ మాటలకు మిడత నిద్ర లేచింది. కళ్ళు నులుముకుని అక్కను చూసి నవ్వింది. దిగి వచ్చి, స్వెట్టరు చేతిలోంచి ఎడమ చెయ్యి బయటికి తీసి అక్క ఒళ్ళో పెట్టింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇదుగో అత్తా, ఈ వేలే. ఆ రోజు మీరు దీన్ని ప్లేటు మీద నొక్కి సర్దారు కదా. ఇదెప్పుడు విరిగింది తల్లీ అని అడిగారు కూడా. షట్టరు కింద పడిందని నేనే చెప్పాను. మర్చిపోయారా?"

మేస్త్రి చేతిలో కాగితం ఆగింది.

ఆయన నెమ్మది మనిషి. లెక్క ఆయన బుర్రలో మెల్లగానే తిరిగింది. మీరు అడిగారంటే మీకు కనబడింది, కనబడిందంటే ఫిల్ములో ఉంది, అని తనలో తాను గొణుక్కున్నాడు. అక్క మొహంలోకి చూశాడు. రేపు చూపించబోయేది ఆ ఫిల్ము కాదని ఆ మొహంలోనే ఉంది. అడగాల్సిన ప్రశ్న మారిపోయింది.

"ఆ ఫిల్ము ఎక్కడుందక్కా?"

బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. ఒళ్ళో ఉన్న చెయ్యిని అక్క రెండు చేతులతో మూసింది, వెచ్చగా ఉంటుందని. కూతురికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. తీసుకుపోనని అంది. తెల్లవారకముందే తప్పబోతోంది.

"ఉందన్నా," అంది. "పోలేదు. నా కూతురి పేరు మీద ఉంది. రెండు పేర్లూ నేనే మార్చాను."

ముందు మిడత కదిలింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తల మాత్రం తండ్రి వైపు తిప్పింది. మూడు వారాలుగా ఎవరినీ అడగలేక తనలోనే దాచుకున్న మాట అని ఆ గొంతు వింటేనే తెలుస్తోంది.

"అయితే నాకు పదమూడేనా నాన్నా?"

మేస్త్రి లేచి, అక్క పక్కనుంచి నడిచి, షట్టరు పూర్తిగా కిందికి దించాడు. జేబులోంచి తాళంచెవి తీసి లోపలి నుంచి తాళం వేశాడు.